రషీదా వాళ్లింటి నక్ష

"కిష్టవ్వా, లే. గోదావరి ఏ ఏ ఊళ్ల పొంటి పారుతది? చెప్పు."

పర్శరాములు సారు గొంతు వినగానే కిష్టవ్వ ఉలిక్కిపడి లేచింది. కోరుట్ల బడిలో అది ఐదో తరగతి. బయట ఎండ మండిపోతోంది.

"నాసిక్... బాసర... ధర్మపురి..." అని ఆగిపోయింది. నిన్న బడిలో ఉన్నంతసేపూ వచ్చింది. ఇంటికి పోయాక పుస్తకం తీయలేదు. తీసే తీరిక దొరకలేదు.

"రషీదా, నువ్వు చెప్పు."

రషీదా లేచి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "నాసిక్, నాందేడ్, బాసర, ధర్మపురి, మంథని, భద్రాచలం, రాజమండ్రి సారూ. ఆఖరికి సముద్రంల కలుస్తది."

"శభాష్! తెలివంటే గట్లుండాలె. జర రషీదాను చూసి నేర్చుకో కిష్టవ్వా."

కిష్టవ్వ చెవులు వేడెక్కాయి. రషీదా ఎర్ర రిబ్బన్లు, ఆమె పలక చుట్టూ ఉన్న నున్నటి చెక్క, ఆమె కూర్చునే తీరు, ఏదీ నచ్చలేదు. 'తెలివంతా దీనికేనా? ఒక్కసారన్న తప్పు చెప్తె బాగుండు' అనుకుంది.

తర్వాతి వారం రషీదాకు జ్వరం వచ్చింది. బడికి రాలేదు. ఆ రోజుల్లో కిష్టవ్వకు తరగతి గది పెద్దదైనట్టు అనిపించింది. సారు అడిగినప్పుడల్లా చెయ్యెత్తింది. ఒకసారి "మంచిగ చెప్పినవ్" అనిపించుకుంది కూడా.

ఒక సాయంత్రం బడి విడిచాక సారు ఆమెను పిలిచారు.

"రేపు ఇన్‌స్పెక్టరు సాబు వస్తుండు. పోంగ పోంగ రషీదా వాళ్లింటికి పో. జ్వరం తగ్గితే రేపు తప్పక రమ్మన్ననని చెప్పు. మర్చిపోకు."

రషీదా వాళ్ల నాన్న అజీముద్దీన్ పోస్టుమాస్టరు. వాళ్ల ఇంటి గుమ్మానికి పచ్చ పర్దా ఉంది. కిష్టవ్వ దాని పక్కన నిలబడి లోపలికి తొంగి చూసింది.

రషీదా మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుంది. ముఖం తేటగానే ఉంది. వాళ్లమ్మ పాలల్లో రొట్టె ముంచి ఇస్తోంది. ఎదురు గోడకు పెద్ద భారతదేశ నక్ష వేలాడుతోంది. అజీముద్దీన్ సాబు పటం మీద వేలు పెట్టాడు.

"బేటీ, గిది ఏ నది?"

"కృష్ణ, అబ్బా."

"శభాష్. మరి గిది?"

రషీదా రొట్టె నములుతూనే జవాబు చెప్పింది. తండ్రి నవ్వాడు.

కిష్టవ్వ కళ్లు రొట్టె మీంచి పటం మీదికి పోయాయి. ఇక్కడ తిండీ చదువూ ఒకే కంచంలో పెడుతున్నారు! బడిలో ఉన్న పటాన్ని హెడ్మాస్టరు గదిలో చుట్టి దాచారు. ఆమె దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

పిలవాలని నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. పర్దా కదలకుండా మెల్లగా వెనక్కి తిరిగి వచ్చేసింది.

ఇంట్లో కిష్టవ్వను కన్న అవ్వ బుచ్చవ్వ, అక్క భూమవ్వ బీడీలు చుడుతున్నారు. అక్క ఒళ్లో తమ్ముడు నిద్రపోతున్నాడు.

"గింతసేపేందే? ఆకు కత్తిరియ్యి" అంది అవ్వ.

కిష్టవ్వ తడి ఆకు ముందేసుకుని కూర్చుంది.

మరునాడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పటం తెప్పించి గోడకు వేలాడదీయించాడు. "గోదావరిని ఎవరు చూపిస్తారు?"

సారు చూపు రషీదా చోటు మీదికి వెళ్లింది. అది ఖాళీగా ఉంది. కిష్టవ్వ చెయ్యెత్తింది. బెత్తం అందుకుని పటం ముందుకు వెళ్లింది. అన్నీ నీలి గీతలే! ఏది పైన, ఏది కింద? ఒక గీత మీద బెత్తం పెట్టింది.

"అది కృష్ణా నదమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పిల్లలు నవ్వారు. సారు తల దించుకున్నారు.

ఆ మరునాడు రషీదా బడికి వచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చిపోయిన విషయం తెలిసి కళ్లనీళ్లు పెట్టుకుంది. "నేను మంచిగనే ఉంటి సారూ! నాకెవ్వరు చెప్పలే!"

సారు కిష్టవ్వ వైపు తిరిగారు. "నువ్వు పోలేదా?"

"పోయిన సారూ. చెప్పలే."

"ఎందుకు?"

కిష్టవ్వ రషీదా వైపు చూడకుండా చెప్పింది. "వాళ్లింట్ల గోడకు నక్ష ఉన్నది. వాళ్ల బాపు అన్నం కాడ గూడ పాఠం చెప్తడు. మా ఇంట్ల ఎవ్వలకు చదువు రాదు. నాకు కడుపు మండింది. తప్పయింది సారూ."

సారు హెడ్మాస్టరు గదికి వెళ్లి, మళ్లీ చుట్టిపెట్టిన పటాన్ని తెచ్చి పిల్లలకు అందేటంత కిందుగా గోడకు కట్టారు.

"గిది ఇగ గిక్కడనే ఉంటది. చేతులు పెట్టి చూడుండ్రి. చినిగితే అతికిద్దాం."

రషీదా మాత్రం, "నాతోని మాట్లాడకు" అంది కిష్టవ్వతో. చాలా రోజులు అన్న మాట మీదే ఉంది. కిష్టవ్వకు అది న్యాయంగానే తోచింది.

సారు పటం కట్టిన రోజు సాయంత్రం కిష్టవ్వ వాకిట్లో పలక మీద ఊళ్ల పేర్లు రాసుకుంటోంది. తల ఎత్తేసరికి భూమవ్వ తననే చూస్తోంది. చేతిలోని బీడీ సగంలో ఆగిపోయింది. కిష్టవ్వ చూడగానే అక్క గబుక్కున కళ్లు దించుకుంది.

ఆ చూపు కిష్టవ్వకు కొత్తది కాదు. పర్దా పక్కన నిలబడి తాను చూసింది అట్లాగే.

"అవ్వా, అక్కను బడికి ఎందుకు తోలలే?"

"పిల్లగాన్ని ఎవ్వలు పట్టుకుంటరే? అది ఇంటికాడ ఉంటెనే గదా నువ్వు పోతున్నవు" అంది అవ్వ, పని ఆపకుండానే.

కిష్టవ్వ లేచి అక్క పక్కన కూర్చుంది. పలక మీద పెద్దగా 'భూ' అని రాసి చూపించింది.

"అక్కా, గిది నీ పేరుల మొదటి అక్షరం. నువ్వు రాయి."

"నాకెక్కడొస్తదే! ఆకు ఎండిపోతది."

"ఆకు నేను కత్తిరిస్త. నువ్వు రాయి."

భూమవ్వ అవ్వ వైపు చూసింది. అవ్వ బీడీల తంబాకు చాట పక్కకు జరిపి, చేతులు దులుపుకుని, అక్క ఒళ్లో నిద్రపోతున్న పిల్లవాణ్ని తన ఒళ్లోకి తీసుకుంది.

భూమవ్వ బలపం పట్టుకుంది. కిష్టవ్వ కత్తెర అందుకుంది.