అమ్మ నేర్పిన జవాబు

పొద్దున్నే బుల్లి యూనిఫారం వేసుకుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది. పేరుకే బుల్లి. పాతికేళ్ళు దాటాయి, నాన్న కంటే జానెడు పొడుగు. కుట్టుమిషను ముందున్న తల్లికి ఆ వాలకం చూడగానే ఒళ్ళు మండింది.

"ఎక్కడికే తయారయ్యావు?"

"డ్యూటీకి."

"విచారణ అయ్యేదాకా రావద్దన్నారా, లేదా?"

"అన్నారు. వెళ్ళను. ఊరికే కూర్చుంటాను."

"ఆ కూర్చునేదేదో నైటీలో కూర్చోవచ్చుగా!"

"నైటీలో డ్యూటీ ఉండదు."

ఈ పిల్లతో వాదించి గెలిచినవాళ్ళు ఇంతవరకు పుట్టలేదు. తల్లి కసిగా మిషను తొక్కింది.

పెద్దాసుపత్రిలో ఆపరేషన్ పనిముట్లు కడిగి, ట్రేల్లో సర్ది, ఆటోక్లేవ్ అనే ఆవిరి యంత్రంలో పెట్టడం బుల్లి పని. పోయిన వారం ఒక ట్రే యంత్రంలోకి వెళ్ళకుండానే ఆపరేషన్ గదికి చేరింది. నర్సు కంటపడింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎవరి ప్రాణం మీదకో వచ్చేది. ఎవరు పంపారని సూపర్‌వైజరు నిలదీస్తే, బుల్లి "తప్పు నాదే, క్షమించండి" అనేసింది. ఇంకేముంది, ఒప్పేసుకుంది! మధ్యాహ్నం విచారణ. ఉద్యోగం ఊడినట్టేనని అందరూ తేల్చేశారు. ఆ ఉద్యోగం పోతే ఆ పిల్లకి ఇంకోటి దొరకదన్న సంగతి తల్లికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఇంతలో యూనియన్ ఆవిడ వచ్చింది. ఆసుపత్రిలో అందరూ ఆవిడని అక్కా అంటారు.

"తనే ఒప్పుకుంది కదక్కా, ఇక మనమేం చెయ్యగలం?" అంది తల్లి కుర్చీ చూపించి, మిషను తొక్కుతూనే. "కాళ్ళావేళ్ళా పడి ఇంకో అవకాశం ఇమ్మని అడుగుదాం."

"ఆగండమ్మా. ముందు పిల్లని ఒక్క మాట అడగనివ్వండి." ఆవిడ బుల్లి వైపు తిరిగి, నెమ్మదిగా అడిగింది. "ఆ ట్రే పైకి పంపింది నువ్వేనా?"

"కాదు."

మిషను ఆగిపోయింది.

"మరి అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"బయట వరండాలో. ఆటోక్లేవ్ ఆవిరి వదిలితే కీచుమంటుంది. ఆ చప్పుడు నాకు పళ్ళలోకి వస్తుంది. నా చెవి మూతలు సూపర్‌వైజరు గారు తీసేసుకున్నారు, అవి యూనిఫారంలో భాగం కాదని. ఉండలేక బయటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ట్రే లేదు."

"అయితే తప్పు నాదే అని ఎందుకన్నావమ్మా?"

"ఆయన గొంతు పెంచారు. ఎవరైనా గొంతు పెంచితే వెంటనే ఆ మాట అనాలి. అమ్మ నేర్పింది."

సబ్బు ఎక్కడుందని అడిగితే చెప్పినంత మామూలుగా చెప్పింది. తల్లి నేర్పిన మాట నిజమే. బడిలో టీచరు ఎందుకు కొడుతోందో పిల్లకి అర్థమయ్యేది కాదు. నోరు తెరుచుకుని చూస్తూ నిలబడితే పొగరనుకుని ఇంకో రెండు తగిలించేది. అప్పుడు తనే ఎదురుగా కూర్చోబెట్టుకుని, కావాలని అరిచి అరిచి ఆ ముక్క బట్టీ పట్టించింది. తప్పు ఒప్పుకున్నవాడిని ఎవరూ కొట్టరు కదా అనుకుంది.

"పిల్లకి ఏమైనా ఉందా అమ్మా? డాక్టరు ఎప్పుడైనా చెప్పారా?" అంది అక్క.

"ఏం లేదు! నిక్షేపంలా ఉంది!"

"ఉంది," అన్నాడు తండ్రి లోపలి గదిలోంచి వస్తూ. జీవితంలో భార్య మాటకి ఎదురు చెప్పని మనిషి. "ఆటిజం. చిన్నప్పుడే చెప్పారు. మేమే కడుపులో దాచుకున్నాం."

"మీరు నోరు ముయ్యండి!" అని అరిచింది తల్లి.

"తప్పు నాదే, క్షమించండి," అంది బుల్లి.

తల్లి కూతురి మొహంలోకి చూసింది. అందులో కోపం లేదు, బాధ లేదు. దెబ్బ పడకముందే చెయ్యి అడ్డుపెట్టుకునే మనిషి తొందర మాత్రం ఉంది.

అక్క తల్లి వైపు తిరిగింది. "చెవి మూతలు పెట్టుకోవడం దయ కాదమ్మా, ఆ పిల్ల హక్కు. సంగతి చెబితే తగిన ఏర్పాటు చెయ్యాల్సిన బాధ్యత ఆసుపత్రిదే, చట్టం ఉంది. బెదిరిస్తే అన్న మాటని ఒప్పుకోలు కింద జమకట్టొద్దని నేను కొట్లాడతాను. కానీ అక్కడ నిజం చెప్పాలి."

"చెబితే పిచ్చిదని ముద్ర వెయ్యరూ?"

"ఇప్పుడు రోగి ప్రాణం మీదకి తెచ్చిందని వేస్తున్నారుగా."

"మనమెవరం చెప్పడానికి?" అన్నాడు తండ్రి. "దాన్ని అడగండి."

బుల్లి బ్యాగు జిప్పు లాగుతూ ఆలోచించింది. "చెబుతాను. నాకు చెవి మూతలు కావాలి."

విచారణ గదిలో ముగ్గురు అధికారులు, గోడవారగా సూపర్‌వైజరు. బుల్లి జరిగింది జరిగినట్టు చెప్పింది. సూపర్‌వైజరు ఒక్కసారిగా లేచి, "అబద్ధం! ఆ రోజు ఒప్పుకున్నావా లేదా?" అని గద్దించాడు. బుల్లి పెదవులు అలవాటుగా కదిలాయి. తల్లి చటుక్కున లేచి మధ్యలో నిలబడింది.

"గొంతు తగ్గించండి! మీరు అరిస్తే హత్య చేశానని కూడా ఒప్పుకుంటుంది నా కూతురు. అలా తయారుచేసింది నేనే."

"ఇదంతా ఉద్యోగంలో చేరేటప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంది అధికారుల్లో పెద్దావిడ చిరాగ్గా.

"చెబితే చేర్చుకునేవారా?"

పెద్దావిడ కాగితాలు సర్దుకుంది.

తీర్పు అటూ ఇటూ కాకుండా పోయింది. ఆ ట్రే ఎవరు పంపారో మళ్ళీ దర్యాప్తు చేస్తారట. అంతవరకు బుల్లి ఇంట్లోనే ఉండాలట. సూపర్‌వైజరు మాత్రం మర్నాడు డ్యూటీకి వెళ్ళొచ్చట. "చాలాకాలం పడుతుందమ్మా, గెలుస్తామని మాటివ్వలేను," అని అక్క వెళ్ళిపోయింది.

తల్లీ కూతుళ్ళిద్దరూ బస్టాపులో బెంచీ మీద కూర్చున్నారు.

"అమ్మా, గొంతు పెంచినప్పుడల్లా తప్పు నాది కాదా?"

"కాదు తల్లీ."

"బడిలో గాజు బీకరు?"

"నువ్వు కాదు. పక్కపిల్ల పగలగొట్టింది, నాకు తర్వాత తెలిసింది."

బుల్లి తల ఊపింది. కాసేపు రోడ్డు వైపు చూసి, "మరి తాతయ్య?" అంది.

"తాతయ్యేంటి?"

"తాతయ్య పడిపోయిన రోజు నువ్వు నా మీద గట్టిగా అరిచావు. తప్పు నాదే అన్నాను. నువ్వు కాదనలేదు. నావల్లే చచ్చిపోయారని అప్పట్నుంచీ అనుకుంటున్నాను."

తల్లికి ఆ రోజు ఏం అరిచిందో కూడా గుర్తులేదు. డాక్టరు కోసం పరిగెడుతుంటే ఎదురుగా నిలబడి ఉన్న పిల్లని పక్కకి లాగేసి ఉంటుంది. ఆ చిన్న బుర్ర ఇన్నేళ్ళు ఒక చావుని మోసుకుంటూ, రోజూ లేచి, తలదువ్వుకుని, డ్యూటీకి వెళ్ళొచ్చింది.

"కాదమ్మా... కాదు... తాతయ్యకి గుండెజబ్బు. నువ్వంటే పంచప్రాణాలు ఆయనకి," అంటూ బస్టాపులో అందరూ చూస్తుండగా భోరుమని ఏడ్చింది. పట్టుకుంటే బుల్లికి నచ్చదు. అందుకని తన చేతిని బెంచీ మీద దగ్గరగా పెట్టి ఊరుకుంది.

బుల్లి ఆ చేతిని చూసింది. తన చిటికెన వేలు తెచ్చి దానికి ఆనించింది.

"ఇంకా చాలా ఉన్నాయి. అడగనా?"

"అడుగు తల్లీ. అన్నీ అడుగు."

బస్సు వచ్చి వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరూ లేవలేదు.