ఎడ్ల కళ్ళకు కట్టే తువ్వాలు

పుష్యమాసంలో తెల్లవారుజామున నూజివీడు రోడ్డు మీద ప్రయాణం చేసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అటూ ఇటూ మామిడి తోటలు. పూత వాసన గుప్పున కొడుతూనే ఉంటుంది, చెట్టు మాత్రం కనపడదు. అంత మంచు! లారీలింకా వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉన్న ఆ రోజుల్లో దారంతా ఎడ్లబళ్ళదే. ఇరుసు కింద లాంతరు వేలాడేసి, ధాన్యమో గడ్డో వేసుకుని బయల్దేరితే, బండివాడు కునుకు తీసినా ఎడ్లే ఇల్లు చేర్చేవి.

ఎదురుగా లారీ వచ్చిందనుకోండి, దానికో పద్ధతుండేది. లారీవాడు లైటు దించి ఆగాలి. బండివాడు కిందికి దిగి, భుజమ్మీది తువ్వాలు తీసి, బెదురుగొడ్డు కళ్ళకి అడ్డంగా కట్టి, మెడ నిమిరి, "ఊఁ, పోనీ బాబూ" అనాలి. అప్పుడు లారీ కదలాలి. ఎవరూ చెప్పి చేయించింది కాదు, అందరూ పాటించేవాళ్ళు. పెద్దిరాజు తప్ప.

పెద్దిరాజు మామిడికాయల షావుకారు రాఘవయ్యగారి లారీ నడిపేవాడు. చెయ్యి తిరిగిన డ్రైవరే, కాదనను. తాగుడు లేదు, తిరుగుడు లేదు. ఉన్న జబ్బల్లా లైట్ల పిచ్చి. బెజవాడలో రెండు పసుప్పచ్చ ఫాగ్ లైట్లు కొన్నాడు. "ఇవి బంపరు కింద కట్టాలయ్యా, నేలని చూడాలి, మంచున్నప్పుడే వెయ్యాలి" అని మెకానిక్కు మొత్తుకున్నా వింటేనా! పెళ్ళికొడుక్కి బాసికం కట్టినట్టు క్యాబిన్ నెత్తిన పెట్టించాడు. మంచున్నా లేకపోయినా వెలిగించుకునే తిరిగేవాడు. లైటు దించితే పరువు పోతుంది మహానుభావుడికి!

ఈ కథ జరగడానికి నెల్లాళ్ళ ముందు, ఒక తెల్లవారుజామున రోడ్డు పక్క మోటబావి మలుపులో వీరయ్య బండి ఎదురైంది. వీరయ్య పెద్దిరాజు ఊరివాడే, ముసలివాడు. ఆ వేళ మంచన్నది లేనే లేదు. ముసలాయన గబగబా దిగి, ఒక చేత్తో తువ్వాలు తీస్తూ, రెండో చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, "దించు బాబూ... కొంచెం దించు" అని అరిచాడు. పెద్దిరాజు దించలేదు. పక్కనుంచి కోసుకుని వెళ్ళిపోయాడు. వెనక మువ్వలు ఒక్కసారిగా గల్లుమన్నాయి. ఆ వెంటనే బావిలో నీళ్ళ చప్పుడు. అయినా ఆగలేదు. ఆగుంటే ముసలాయన బతికేవాడేమో. ఆ మాటే ఆ నెల్లాళ్ళూ అతన్ని పీక్కుతింది.

ఎడ్లు ఎందుకో బెదిరాయి, ముసలాణ్ణి ఈడ్చుకుపోయాయి అనుకుంది ఊరంతా. పెద్దిరాజు దహనానికి కూడా వెళ్ళి, అందరితో పాటు తలొంచుకుని నిలబడి వచ్చాడు. ఆ తర్వాత అన్నం సయించలేదు, కంటి మీదికి కునుకు రాలేదు. ఆ పచ్చ లైట్లు మళ్ళీ వెయ్యలేదు. పోనీ విప్పించాడా అంటే అదీ లేదు. ఎందుకు విప్పావని ఎవరైనా అడుగుతారేమోనని భయం.

ఇలా ఉండగా అతని భార్య రాధకి నెలలు నిండాయి. తొలికాన్పు. తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ అడ్డం తిరిగింది. ఆ ఊళ్ళో పురుళ్ళు పోసేది సవరమ్మ ఒక్కతే. ఆవిడెవరనుకున్నారు? వీరయ్య భార్య! ఏడాది తిరిగేదాకా గడప దాటనని కూర్చున్న మనిషి, పురుడనేసరికి పరిగెత్తుకొచ్చింది. రాధ పొట్ట తడిమి చూసి కంగారు పడింది.

"నా వల్ల కాదబ్బాయ్. నూజివీడు ఆస్పత్రికి పద. ఆలస్యమైతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు."

లారీ క్యాబిన్లో రాధ తల ఒళ్ళో పెట్టుకుని ఆవిడే కూర్చుంది. పెద్దిరాజు ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు. తన మూలంగా తాళి తెగిన మనిషి, తన పెళ్ళానికి చెమట తుడుస్తోంది. ఇంతకంటే శిక్ష ఏముంటుంది?

ఊరు దాటారో లేదో మంచు కమ్మేసింది. హెడ్ లైట్ల ముందు బారెడు దూరం కూడా ఆనడం లేదు. రాధ పళ్ళు బిగించి మూలుగుతోంది.

"నత్తలా పోతున్నావేంటయ్యా? నెత్తిన పెట్టుకున్నావుగా, ఆ లైట్లు వెయ్యి" అంది సవరమ్మ.

"వద్దులే అత్తా..."

"పిల్ల చచ్చిపోతోందిరా! వెయ్యి!"

వేశాడు. పైనుంచి పడ్డ పచ్చటి వెలుగు మంచుకి తగిలి తిరిగి వాళ్ళ కళ్ళలోనే కొట్టింది. రోడ్డూ లేదు, చెట్టూ లేదు. ఎదురుగా ఒక పచ్చటి గోడ. మామిడిపూత వాసన కాస్తా పోయి, నాచు పట్టిన నీళ్ళ వాసన వచ్చింది. మోటబావి మలుపు దగ్గరికి వచ్చేశామని అతనికి తెలిసిపోయింది.

సవరమ్మకీ తెలిసింది. గొంతు తగ్గించి అడిగింది. "ఇక్కడేగా... ఈ దారి ఆ ఎడ్లకి కొత్తా రాజూ? ఎందుకు బెదిరాయంటావు?"

నాలుక చివరిదాకా వచ్చింది నిజం. చెప్పేస్తే బావుణ్ణు. చెప్పేస్తే ఈవిడ ఇక్కడే దిగిపోతే? రాధ గతేంటి?

"ఏమో అత్తా... నాకేం తెలుసు" అన్నాడు.

గల్లుమని మువ్వలు మోగాయి. లారీకి ఎదురుగా.

బ్రేకు తొక్కాడు. మువ్వలు ఆగాయి. పచ్చటి మంచులో ఒక మనిషి ఆకారం... ఒక చెయ్యి కళ్ళకి అడ్డం. రెండో చేతిలో తువ్వాలు.

"దించు బాబూ..."

పెద్దిరాజు చెయ్యి స్విచ్చి మీదికి పోయింది. ఆపాడు. లైట్లు ఆరలేదు. మళ్ళీ నొక్కాడు... ఆరలేదు. ఇంజనూ హెడ్ లైట్లూ ఆపేశాడు. నిశ్శబ్దం. పచ్చ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

"ఎవర్ని చూస్తున్నావలా?" సవరమ్మ గుసగుసలాడింది. "అక్కడెవరున్నారు?"

ఆకారం కదిలింది. బానెట్టు మీద అడుగు. క్యాబిన్ నెత్తిన అడుగు. గుడ్డ చిరిగిన చప్పుడు... ఒక లైటు మసకబారింది. మళ్ళీ చిరిగిన చప్పుడు... రెండోదీ పోయింది. చీకటి.

"అత్తా..." రాధ వణికిపోతోంది. "నా పొట్ట మీద చెయ్యి తియ్యి... చల్లగా ఉంది."

"నా రెండు చేతులూ నీ తల కిందున్నాయే తల్లీ" అంది సవరమ్మ.

అప్పుడు కనపడింది. ముందు, నేలకి బాగా దగ్గరగా, ఇరుసు కింద వేలాడే లాంతరులా ఊగుతున్న చిన్న వెలుగు. మెల్లగా కదిలింది. పెద్దిరాజు ఇంజను వేసి, హెడ్ లైట్లు కూడా వెయ్యకుండా, ఏడుస్తూ దాని వెనకే పోయాడు. నూజివీడులో ఆస్పత్రి గేటు దగ్గర ఆ వెలుగు మాయమైంది.

తెల్లారేసరికి రాధకి మగపిల్లాడు పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. "అడ్డం తిరిగిందన్నారు, ఎవరో చేత్తో సర్దినట్టు తిన్నగా వచ్చాడమ్మా" అని నర్సు ఆశ్చర్యపోయింది.

పెద్దిరాజు బయటికొచ్చి లారీ నెత్తికెక్కాడు. రెండు లైట్లకీ ఎర్రగళ్ళ తువ్వాలు ముక్కలు బిగించి కట్టి ఉన్నాయి. తడితడిగా, నాచు వాసన. విప్పి కిందికి దిగేసరికి ఎదురుగా సవరమ్మ.

ముక్కలు చేతుల్లోకి తీసుకుంది. "ఇది చితి మీద నేనే కప్పానయ్యా. నా కళ్ళముందే కాలిపోయింది."

ఇక ఆగలేకపోయాడు. ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు. "నేనేనత్తా. దించమన్నాడు. దించలేదు. బావిలో పడ్డ చప్పుడు విని కూడా ఆగలేదు. నన్ను కొట్టు, పోలీసులకి పట్టించు..."

సవరమ్మ తిట్టలేదు. ఏడవనూ లేదు. నేల మీద కూర్చుని ఆ రెండు ముక్కల్నీ అంచుకి అంచు చేర్చి చూసింది. అంచులు కలవలేదు.

"నడిమి ముక్క ఏదయ్యా?" అంది.

ఇంతలో లోపలినుంచి నర్సు కేక వినిపించింది.

"ఎవరమ్మా ఈ పని చేసింది? నెత్తుటిగుడ్డు కళ్ళకి అడ్డంగా తడిగుడ్డ కడతారా ఎవరైనా! ఎర్రగళ్ళ గుడ్డ... ఎంత లాగినా ముడి రావట్లేదు!"