అంధా సిగ్నల్ ఆఖరి భాగం

"అంధా సిగ్నల్" అనే హిందీ సీరియల్ ఒకటుండేదంటే నమ్మినవాడు లేడు. ఖరగ్‌పూర్ కాలేజీ డిబేట్లలో మైకు పట్టుకుంటే ఎదుటి జట్టు నీళ్లు నమిలేలా చేసిన జెనీకి, ఈ ఒక్క వాదనలో మాత్రం ఓటమే మిగిలింది. ఇంటర్నెట్‌లో ఆ పేరు లేదు. పాత సీరియళ్ల గ్రూపులో ఒకడైతే "మీ నాన్న కలగని ఉంటాడు దీదీ" అని వెక్కిరించాడు.

నాన్న సిరిల్ కలలు కనే రకం కాదు. వర్క్‌షాపులో రైల్వే ఫిట్టరు. ఆ సీరియల్లో ఒక రైలు ప్రమాదం వెనకాల కుట్ర ఉందని తవ్వబోయినవాళ్లు ఒక్కొక్కరే మాయమైపోతుంటారని, వాళ్లను మాయం చేసేదెవరో తేలకుండానే టీవీవాళ్లు దాన్ని ఆపేశారని, ఆఖరి భాగం అసలు రానేలేదని బతికున్నంతకాలం తిట్టుకున్నాడు. మొన్న క్రిస్మస్‌కి ముందు ఆయనా పోయాడు. తాల్‌బగీచా పేటలోని ఇంట్లో జెనీ ఒక్కతే మిగిలింది. రెండే గదులు. ఒక మనిషికి అవి ఎంత పెద్దవో అప్పుడు తెలిసింది. అన్నం ఒక్కదానికే వండుకోవడం ఇంకా చేతకావడం లేదు.

ఏప్రిల్లో నాన్న ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున ఒక ఆడియో క్యాసెట్ దొరికింది. దాని మీద నాన్న చేతిరాత. అంధా సిగ్నల్.

వెంటనే ఊళ్లోనే ఇందా పేటలో ఉండే రాధారాణి పిన్నికి ఫోన్ కొట్టింది. రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు పక్కింటి మనిషి. అమ్మకి ప్రాణం.

"సాక్ష్యం దొరికింది పిన్నీ! ఇప్పుడు రమ్మను ఒక్కొక్కడినీ!"

"ఓలమ్మ, లాయరమ్మా! నాను కాదన్నానేటి?" పిన్ని నవ్వింది. "మాకప్పుడు వీసీఆర్లెక్కడివే? మీ నాన్న టేపురికార్డరు టీవీ ముందల పెట్టీవోడు. మీ అమ్మ పలాస నుండి కొత్తగా వొచ్చింది, హిందీ ఒక్క ముక్క రాదు. ఆయన పక్కన కూకోని తెలుగులో సెప్పీవోడు, ఆవిడ ఊ కొట్టీది. ఊ కొట్టకపోతే కథ ఆపీసీవోడు, అంత పొగరు."

జెనీ నవ్వబోయి ఆగిపోయింది.

"అంటే... ఇందులో అమ్మ గొంతుందా?"

"ఉండాల మరి," అంది పిన్ని. "విని సెప్పు తల్లీ."

జెనీకి ఏడాది నిండకముందే అమ్మ సూసన్న పోయింది. మిగిలింది ఒక పెళ్లి ఫొటో. జెనీ దానితో ఎన్ని మాటలు ఆడినా, అది తిరిగి ఒక్క మాట అన్నది లేదు.

గోల్‌బజార్‌లో రేడియోలు బాగుచేసే బెంగాలీ దాదాని బతిమాలి పాత టేప్‌రికార్డర్ ఒకటి సంపాదించింది. సెల్స్ వేసి కూర్చునేసరికి సాయంత్రమైంది. వర్క్‌షాపు వైపు ఆకాశం బొగ్గులా నల్లబడుతోంది. కాల్‌బైశాఖి గాలివాన ముందు వచ్చే దుమ్మువాసన. యార్డులో ఏదో ఇంజను పొడుగ్గా కూత పెట్టి, ఎవరో నోరు మూసినట్టు ఆగిపోయింది. కరెంటు పోయింది.

జెనీ మీట నొక్కింది.

గరగర. తర్వాత సంగీతం. హిందీ మాటలు. వాటి మీద, తనకంటే చిన్నవయసులో ఉన్న నాన్న గొంతు.

"ఇన్‌స్పెక్టరు తలుపు తీసినాడు. లోపల ఎవుడూ లేడు."

చిన్న విరామం.

"ఊ."

అంతే. ఒక్క అక్షరం. జెనీ టేపు వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. మళ్లీ. దుఃఖం పొర్లుకొచ్చింది. ఇన్నేళ్ల జీవితంలో అమ్మ మాట ఇంతేనా అనిపించింది. ఇదైనా దొరికింది కదా అని కూడా అనిపించింది. కొంగుతో మొహం తుడుచుకుని టేపుని నడవనిచ్చింది.

గది చీకటైపోయింది. టేపులో సీరియల్ ముగింపు సంగీతం వచ్చి ఆగింది. టీవీ చప్పుడు లేదు.

నాన్న మాత్రం ఆపలేదు.

"ఇప్పుడు ఆఖరి భాగం," అన్నాడు నెమ్మదిగా.

"ఊ."

"ఇంట్లో పిల్ల ఒక్కతే ఉంది. బయట గాలి."

"ఊ."

"కిటికీ రెక్క కొట్టుకున్నాది."

జెనీ వెనకాల కిటికీ రెక్క టపామని కొట్టుకుంది.

ఆమె కదల్లేదు. గాలికి కిటికీలు కొట్టుకోవా? కొట్టుకుంటాయి. తనతో తనే వాదించుకుంది...

"అందరినీ మాయం సేసింది ఎవులో, ఆ పిల్ల కనిపెట్టీసింది."

ఈసారి ఊ రాలేదు.

గరగర... గరగర... నాన్న ఎదురుచూస్తున్నాడు. ఊపిరి వినిపిస్తోంది.

"పడుకున్నావేటి?" అన్నాడు. "ఊ కొట్టకపోతే సెప్పను."

చిన్నప్పుడు పక్కమీద పడుకుని రోజూ విన్న మాట అది. జెనీ ఆలోచించలేదు. అలవాటు ఆలోచించనివ్వలేదు.

"ఊ," అంది.

టేపులో నాన్న ఊపిరి ఆగిపోయింది.

"...నువ్వెందుకు అన్నావమ్మా?"

జెనీ మీట నొక్కి టేపు ఆపేసింది. నిశ్శబ్దం. పెంకుల మీద మొదటి చినుకులు. పిన్నికి ఫోన్ కలిపింది.

"పిన్నీ... విన్నాను."

"ఏటే, గొంతు అలగైపోనాది? ఏడస్తన్నావా?"

"నాన్న ఆఖరి భాగం చెప్పాడు... టీవీలో రానిది. నాతో మాట్లాడాడు పిన్నీ..."

పిన్ని గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. "జెనీ. నీ పక్కన ఎవులున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి నువ్వు మాటన్న పెతిసారీ... ఊ కొడతన్నదెవులే?"

భయంకన్నా ముందు జెనీ నోట్లోంచి ఆశే వచ్చింది. చీకట్లోకి చూస్తూ గుసగుసగా పిలిచింది.

"అమ్మా...?"

"కాదే!" ఫోన్లో పిన్ని అరిచింది. "సూసన్న గొంతు నాను మర్సిపోతానేటి? ఇది సూసన్న కాదు. బేగి బయటికి వొచ్చీ. ఇనిపిస్తందా నీకు?"

జెనీ నోరు తెరవబోయింది.

ఆమెకన్నా ముందే, చెవి పక్కనే, ఎవరో మెత్తగా జవాబిచ్చారు.

"ఊ."