శశికుమార్ చెల్లని ఓటు

"సార్, ఓటు కాగితం మీద ఏమన్నా రాసింటే చెల్లదా?"

శశికుమార్‌కు ఆ అనుమానం రావడమే ఆలస్యమైంది. రామాంజనేయులు సార్ అప్పటికే డబ్బా మూత తీశారు.

"ఏమప్పా, సెకండ్ ఇయర్‌కొచ్చినావు, ఇది గూడా నేనే చెప్పల్లనా? రాత చూస్తే ఎవురి ఓటో తెలిసిపోతాది. చెల్లదు."

క్లాసంతా నవ్వింది. ఇదే ప్రశ్నకు ఇంటర్నల్స్‌లో అయిదుకు అయిదు తెచ్చుకున్న ఘనుడు మరి శశికుమార్! గంట కిందట అట్టల చాటున నిలబడి, చౌడేశ్వరి పేరు పక్కన ముద్ర కొట్టి, చెయ్యి ఊరుకోక కింద "గెలుస్తావులే, భయపడొద్దు" అని రాసి మడతపెట్టాడు.

ఆ డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ మేజర్ వాళ్లు ముప్పై ఒక్కరే. క్లాస్ లీడర్‌ను అసలైన ఎన్నికల పద్ధతిలో ఎన్నుకోవాలని సార్ పట్టు. పోటీలో ఉన్నది రాజేంద్ర, చౌడేశ్వరి ఇద్దరే. గెలిచినవాళ్లు విజయవాడలో జరిగే విద్యార్థుల పార్లమెంటుకు వెళ్తారు. అనంతపురం దాటి ఎరగని ధర్మవరం అమ్మాయి చౌడేశ్వరి, రెండు వారాలుగా దానికోసమే ప్రసంగం బట్టీ పడుతోంది.

"రాజేంద్ర పదిహైదు, చౌడేశ్వరి పదిహైదు. ఇంగొకటుండాది."

సార్ ఆ ఆఖరి కాగితం మడత విప్పారు.

"ఎవురప్పా ఈ కవి? చెల్లదు!"

సార్ కాగితాన్ని అందరికీ చూపించారు. చౌడేశ్వరి ఆ రాత వంక ఒక్కసారి చూసి తల దించుకుంది. ఓట్లు సమానం కాబట్టి చీటీలు వేశారు. రాజేంద్ర పేరొచ్చింది.

అందరూ రాజేంద్ర చుట్టూ మూగితే, ఆమె మాత్రం ముద్రలున్న బల్ల దగ్గర అటు తిరిగి చాలాసేపు నిలబడింది. ఏడుస్తోందనుకున్నాడు. నోరు మూసుకుని ఇంటికి పోదామనీ అనుకున్నాడు. పోలేకపోయాడు.

ఆమె వెంట బస్‌స్టాప్‌కు చేరేసరికి నాలుగు చినుకులు పడి, మొహమాటానికి వచ్చినట్టు ఆగిపోయాయి.

"చౌడేశ్వరీ, ఆ ఓటు... నాదే."

"తెలుసు. ఏడాదిగా నీ నోట్సే కదా ఎక్కించుకుంటాండా. నీ రాత నాకు తెలీదా?"

"కావల్లని చేయలేదు. నీకు భయమేస్తాంటాదని..."

"మా నాయనకు గెలిచినట్లే అని చెప్పినా. ఇప్పుడేమని చెప్పల్ల? ఒగడు ధైర్యం చెప్పి ఓడించినాడు అనా?"

"సార్‌తో మాట్లాడి మళ్లా ఎలక్షన్ పెట్టిస్తా."

"ఏం వద్దు. రూల్ రూలే. వచ్చే ఏడు నిలబడి గెలుస్తా." ధర్మవరం బస్సు వచ్చింది. ఆమె మెట్టెక్కి, బ్యాగులోంచి మడిచిన కాగితం తీసింది. "నువ్వొచ్చి ఒప్పుకోకుండా పోయింటే ఇది బ్యాగులోనే ఉండిపోయేది. పట్టుకో."

మిగిలిపోయిన ఓటు కాగితమది. అచ్చువేసిన రెండు పేర్ల కింద పెన్నుతో మూడో పేరు రాసుంది. శశికుమార్. పక్కన ముద్ర. దాని కింద "భయపడొద్దు".

బస్సు కదిలింది. అతడు కాగితం ఊపుతూ పక్కనే పరుగెత్తాడు.

"చౌడేశ్వరీ! రాసినావు కదా, ఇది గూడా చెల్లదే!"

కిటికీలోంచి ఆమె నవ్వు ముందొచ్చింది, మాట వెనక.

"లెక్కబెట్టేది నువ్వే కదప్పా!"