పేరు లేని నర్సు

ఉదయం టీ తాగుతూ ఆయన తన పత్రికలో తను పెట్టిన శీర్షికను తనే మురిపెంగా చూసుకుంటున్నాడు. "పుకార్లకు కళ్లెం!" ఇంటర్నెట్‌లో రాతల్ని తొలగించే కొత్త చట్టం మీద వార్త. రాత్రి ఆఫీసులో న్యూస్ డెస్కు దగ్గర కూర్చుని దానికి నగిషీలు చెక్కింది ఆయనే.

"హెడ్డింగు ఎలా ఉంది?" అన్నాడు.

"గుమ్మానికి కట్టిన తోరణంలా ఉంది. లోపల ఇల్లే లేదు," అంది భార్య, ఆసుపత్రి యూనిఫాం ఇస్త్రీ చేస్తూ.

అత్తగారు కిసుక్కున నవ్వింది. "వాడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా. చెప్పింది చెప్పినట్టు రాసుకొస్తాడు."

భార్య పేపరు లాక్కుని పైకి చదివింది. "పిల్లల వార్డులో ఆక్సిజన్ లేదంటూ ఓ నర్సు చేసిన అసత్య ప్రచారాన్ని గంటలో తొలగించారు... అసత్యమని ఎవరు చెప్పారండీ, జర్నలిస్టు గారూ?"

"అధికారుల ప్రకటన వచ్చింది."

"ఆ నర్సునో, ఆ వార్డులో ఇంకెవర్నో అడిగారా?"

"పేరివ్వలేదుగా! అయినా చట్టాన్ని మెచ్చుకున్నవాళ్ల మాట, తిట్టినవాళ్ల మాట రెండూ వేశాం."

"అబ్బో, ఏం న్యాయం! వార్డు గడప మాత్రం తొక్కలేదు." ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "ఆ నర్సుని నేనే. నిన్న ఒకే సిలిండరు ఇద్దరు పసివాళ్లకు మార్చి మార్చి పెట్టాను. అదే నెట్‌లో రాశాను. మీకు చెబుదామని ఫోన్ చేస్తే, అర్జంటుగా వార్త కాపీ దిద్దాలని పెట్టేశారు. ఈ కాపీయే కాబోలు! ఇవాళ సంజాయిషీ ఇవ్వాలి. మీ పేపరే నా ముందు పెట్టి ఉద్యోగం పీకేస్తారు."

ఆయన టీ కప్పు కింద పెట్టేశాడు. "నువ్వని తెలిస్తే వేసేవాణ్నే కాదు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "ఇంకొకరి పెళ్లామైతే వేసేస్తారన్నమాట!"

అత్తగారు నవ్వడం మానేసింది. ఆయన ఎడిటరుకు ఫోన్ చేశాడు. "సార్, ఆ నర్సు వార్త తప్పు. నేనే అడక్కుండా వేశాను. సవరణ వేయాలి." అవతల కేకలు వినిపించాయి. "ఉద్యోగం మానేయమంటే మానేస్తాను సార్," అని పెట్టేశాడు.

ఆమె కళ్లు చెమర్చాయి.

"చెప్పు, నిన్న ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు," అన్నాడు, పెన్ను తీసి.

"నేను చెబితే మాత్రం ఎందుకు నమ్మాలి?" అంది యూనిఫాం చేతిలోకి తీసుకుని. "వార్డుకొచ్చి మీ కళ్లతో చూడండి."

ఆయన చెప్పులు వేసుకున్నాడు.