ఓనరు గారి సంతకం

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి సక్కుబాయి గిన్నెలు తోముతోంది. తన పని తాను చేసుకుపోతే ఏ గొడవా ఉండేది కాదు. ఊరుకోలేక ఒక మాట అనేసింది.

"ఇగ మన పాపే ప్రెసిడెంటంట గద సార్! నల్లా నీళ్లు తెచ్చిందని అందరు గామెకే ఓటేస్తమంటున్నరు."

భీమేశ్వరరావు గారికి నోట్లో ఉప్మా చేదెక్కింది. కాకినాడలో ఇంజనీరుగా రిటైరై, నానక్‌రామ్‌గూడలో ఫ్లాటు కొనుక్కుని వచ్చినప్పటి నుంచీ ఆ అపార్టుమెంట్లకు ఆయనే ప్రెసిడెంటు. ఆరేళ్లలో మూడుసార్లు గెలిచారు. మంచినీళ్ల లైను కోసం నాలుగేళ్లు ఉత్తరాలు రాశారు. మొన్న వేసవిలో ఆయన కూతురు రసజ్ఞ, ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల, ఆఫీసుకు సెలవు పెట్టి, అన్ని బ్లాకుల కుర్రకారునూ వెంటేసుకుని అధికారుల దగ్గరికి వెళ్లింది. రెండు నెలలు తిరక్కుండా లైను వచ్చింది. అప్పట్నుంచి లిఫ్టులో ఎవరెదురైనా, "రసజ్ఞ నాన్నగారు కదండీ!" అనడమే. తండ్రికి ఇంతకంటే గర్వం ఏముంటుందని మీరనుకోవచ్చు. ఆయనకు మాత్రం ఒళ్లు మండేది.

ఇంతలో గదిలోంచి రసజ్ఞ ఫోను పట్టుకుని వచ్చింది.

"నాన్నా, గ్రూపులో నామినేషన్ల లిస్టు పెట్టారు. సి బ్లాకు, ఎనిమిది వందల నాలుగు, భీమేశ్వరరావు అని ఉంది. ఓనరు అంగీకారం కూడా ఉందట. ఏంటిది?"

ఆయన ఉప్మా పళ్లెం పక్కకు జరిపారు.

"మోకాళ్ల నొప్పులు, ఈసారి నిలబడనని మీరే అన్నారు కదా. ఆ తర్వాతే కదా నేను నిలబడటానికి సరేనన్నాను!"

అక్కడి నిబంధన ప్రకారం ఫ్లాటుకు ఒకటే ఓటు, ఒకరే అభ్యర్థి. ఇంట్లో ఎవరు నిలబడాలన్నా ఓనరు సంతకం కావాలి. ఓనరు రావు గారు కాదు. కొన్నప్పుడు ముచ్చటపడి భార్య పద్మావతి పేరున రాయించారు. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆవిడ ముందు కాగితం పెట్టేవారు, ఆవిడ చదవకుండా సంతకం పెట్టేది.

వంటింట్లోంచి పద్మావతి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"నేనెప్పుడు పెట్టానండీ సంతకం?"

"నిన్న పొద్దున్న," అన్నారాయన మెల్లగా.

"అది గ్యాసు వాళ్ల కాగితం అన్నారు కదా!"

దొరికిపోయినప్పుడు గొంతు పెంచడం ఆయనకు అలవాటు.

"నా ఉత్తరాల వల్లే ఫైలు కదిలింది. ఇదెళ్లి కుర్చీలో కూర్చుంది, అంతే! పేరు మాత్రం దీనికి!"

"కుర్చీ ఎవరిచ్చారు నాన్నా? నేల మీద కూర్చున్నాం. నాలుగు గంటలు."

"మొన్న మీటింగులో నేను మాట్లాడుతుంటే అందరూ ఫోన్లు చూసుకున్నారు. నువ్వు లేవగానే పక్కన పెట్టేశారు. నాకెలా ఉంటుందో ఒక్కసారైనా ఆలోచించావా?"

రసజ్ఞ తండ్రి ముఖంలోకి చూసింది. కోపం దిగిపోయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అంటే... నా మీద కుళ్లా నాన్నా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. సక్కుబాయి చల్లగా చీపురు తీసుకుని బాల్కనీలోకి తప్పుకుంది.

"కుళ్లే," అంది పద్మావతి కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "నాకు తెలుసు. ఎందుకంటే నాకూ ఉంది."

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"మీటింగులో ఓనర్ల పేర్లు పిలుస్తారు. పద్మావతి అనగానే మీరు 'ఉన్నామండీ' అంటారు. నేను వెనక వరసలోనే కూర్చుని ఉంటాను. ఆరేళ్లుగా మీ మీద కుళ్లుకుంటూనే ఉన్నానండీ. మొన్న ఇది అంతమందిని వెంటేసుకుని వెళ్తుంటే సంతోషమేసింది, కడుపులో మంట కూడా లేచింది. ఆ వయసులో నన్నెవరూ ఇలా వెళ్లనివ్వలేదే అని. కన్నకూతురి మీద! సిగ్గేసింది. అయినా ఆ రోజు దీనికి పెరుగన్నం డబ్బా కట్టిచ్చింది నేనే. కుళ్లు రాకుండా ఎలా ఉంటుంది? వచ్చిందని పిల్ల దారికి అడ్డం పడతామా? దానికి నా చేతనే సంతకం పెట్టిస్తారా?"

రావు గారు తల దించుకున్నారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ దొంగ సంతకం జోలికి పోని మనిషి. ఇంట్లో భార్యకు అబద్ధం చెప్పి సంతకం పెట్టించుకున్నారు. అదీ సొంత బిడ్డను ఓడించడానికి.

"తప్పు చేశాను పద్మా," అన్నారు. ఆ మాట ఆ ఇంట్లో ఆయన నోట రావడం అదే మొదటిసారి.

"నామినేషన్లకు పన్నెండింటి దాకా టైముంది. లేవండి," అందావిడ.

క్లబ్‌హౌసులో ఎన్నికల అధికారిగా కూర్చున్నది సురేష్ గారు, బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. రావు గారు ఉపసంహరణ కాగితం, పక్కనే రసజ్ఞ తన నామినేషన్ కాగితం నింపారు. రెండింటికీ ఓనరు సంతకం కావాలి. పద్మావతి కళ్లద్దాలు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. సురేష్ గారు గడియారం చూశారు.

"ఎప్పటిలా పెట్టేయండమ్మా, ఇంట్లోవాళ్లదే కదా."

"ఇంట్లోవాళ్లదే కాబట్టి చదువుతున్నానండీ."

రెండు కాగితాలూ చదివాకే సంతకాలు పెట్టింది. పన్నెండుకు పది నిమిషాలుండగా రసజ్ఞ పేరు లిస్టులోకి ఎక్కింది.

"అమ్మా, మన ఫ్లాటు ఓటు నాకేగా?"

"నిలబడ్డ మిగతావాళ్లు ఏం చేస్తామంటారో కూడా విని చెప్తాను," అంది పద్మావతి. రసజ్ఞ నవ్వేసింది.

రావు గారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. బయట ప్రచారానికని కుర్రాళ్లు రసజ్ఞ కోసం ఎదురుచూస్తున్నారు. తన కోసం ఎవరూ లేరు.

"మీరు కూడా రండి నాన్నా. ప్రతి ఫ్లాటూ మీకు తెలుసు."

"నేనా?" అన్నారాయన. "నీకు అబద్ధం చెప్పడం ఎందుకమ్మా. వాళ్లను చూస్తుంటే ఇప్పటికీ మండుతూనే ఉంది. నాకింకా పోలేదు."

రసజ్ఞ వెనక్కి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"అది పోయేదాకా ఆగితే ఎలక్షన్ అయిపోతుంది నాన్నా. దాంతోనే రండి."

సురేష్ గారు చూస్తున్నా, కుర్రాళ్లు చూస్తున్నా, భీమేశ్వరరావు గారు అక్కడే నిలబడి ఏడ్చేశారు. తర్వాత కళ్లు తుడుచుకుని, కూతురి చెయ్యి వదలకుండా ఆ కుర్రాళ్ల వైపు నడిచారు.