పనిచెవి విన్న ఖాళీ

ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో నా చేతిలో కాస్త తారుమారు కావచ్చు. అందుకని బోర్డు వెలిగిన ఉదయం నుంచే మొదలుపెడతాను. అదొక్కటీ ఖాయం.

నంద్యాల గాజులవీధి కూడలిలో ఆ బోర్డు పెట్టింది డాక్టర్ వకుళ. చుట్టుపక్కల ఎక్కడ పని దొరకబోతోందో అది ముందే చెబుతుంది. తిరిగే ప్రతి మోటారూ కరెంటు తీగలో తనదైన అదురు వదులుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు బిగించిన సెన్సార్ దాన్ని వింటుంది. అందుకే ఆ యంత్రానికి పనిచెవి అని పేరు పెట్టారు. ఆ ఉదయం సుంకులమ్మ బోర్డు దగ్గర వకుళను ఆపింది.

"మనిషి పని మానేస్తాడని మిషన్‌కి ఎట్లా తెలుస్తాదమ్మా?" అని అడిగింది.

"గ్రైండర్ మోత మారితే పిండి నలిగిందని మీకు పక్కగదిలో ఉన్నా తెలియదూ?" అంది వకుళ. "ఇదీ అంతే. ఒక చోట మోటారు రోజురోజుకీ తక్కువగా తిరుగుతోందంటే, అక్కడి మనిషికి వయసో, జబ్బో, విసుగో. ఎవరన్నది చెప్పదు. ఏ వీధో చెబుతుంది, అంతే."

అంతలోనే బోర్డు వెలిగింది. మూడో సందు. కుట్టుపని. త్వరలో ఖాళీ.

సుంకులమ్మ ఆ అక్షరాలు రెండుసార్లు చదువుకుంది. రెడీమేడ్ బట్టల యూనిట్ మూతపడినప్పటి నుంచి ఆమెకు పని లేదు. మంచానపడ్డ భర్తకు మధ్యాహ్నం వచ్చి అన్నం పెట్టాలి కాబట్టి దూరం పోవడం కుదరదు. మూడో సందు ఇంటి వెనకాలే. కానీ అక్కడున్నది ఓబులేసు టైలరింగ్ షాపు ఒక్కటే. అందులో మిషన్ ఒక్కటే. దాని మీద కూర్చునేది మస్తాన్‌బీ. యూనిట్‌లో ఆమె పక్క సీటే సుంకులమ్మది. మస్తాన్‌బీ డబ్బాలో బొరుగుల ఉగ్గాని ఎప్పుడూ ఇద్దరికి సరిపడా ఉండేది.

ముందు ఆమెను కలిసి అడగాల్సింది. అడగలేదు. మస్తాన్‌బీ అన్నానికి ఇంటికి పోయే వేళ చూసుకుని షాపుకు పోయింది.

"ఖాళీ యాడుందమ్మా? మస్తాన్‌బీ ఉంది కదా," అన్నాడు ఓబులేసు.

అక్కడితో వెనక్కి తిరిగినా సరిపోయేది. "బోర్డు చెప్పింది," అంది సుంకులమ్మ.

ఓబులేసు మిషన్ వంక చూశాడు. "నిజమేనబ్బా. ఈ మధ్య దీని మోత తగ్గింది. నేనే పట్టించుకోలే."

వారం తిరక్కముందే ఓబులేసు మస్తాన్‌బీని మాన్పించాడు, సుంకులమ్మ ఆ కుర్చీలో కూర్చుంది. పక్కన బుట్టనిండా జాకెట్లు. హుక్సులు, అంచులు అన్నీ చేతికుట్టే.

"ఇదంతా ఎవరు కుట్టినారన్నా?"

"ఇంకెవరు? మస్తాన్‌బీనే. మిషన్ వదిలేసి అరుగు మీద కూర్చుని కుట్టేది. 'చేతిపని నేను చూసుకుంటా, మిషన్ మీదికి ఇంకో మనిషిని పెట్టుకో' అని నా చెవులు తినేసింది. ఇద్దరికి కూలి నేను యాడనుంచి తెచ్చేది?"

"ఎవరిని పెట్టుకోమంది?"

"నేను సరే అన్నాకే పేరు చెప్తానంది. ఎవరో పాపం, మొగుడు మంచాన పడినాడంట, దూరం పోలేదంట."

సుంకులమ్మ కాలు పెడల్ మీదే ఆగిపోయింది.

సాయంత్రం డాక్టర్ వకుళ దగ్గరికి పోయింది. "మీ మిషన్ తప్పు చెప్పిందమ్మా."

"తప్పెలా అవుతుంది? మోటారు ఆగింది, అది విన్నది. చేతిసూదికి చప్పుడుండదు కదా. ఖాళీ వస్తుందన్నది. వచ్చిందా లేదా?"

"వచ్చింది," అంది సుంకులమ్మ.

అటునుంచటే మస్తాన్‌బీ ఇంటికి పోయింది.

"రా సుంకులూ, తిన్నావా?" అంది మస్తాన్‌బీ. "నా మీద ఎవరో చెప్పినారంట. ఎవరో తెలీదు. ఎవరైతే ఏంలే, కడుపు కాలి చెప్పుంటారు. ఆ కుర్చీ నీకొచ్చింది, నాకదే చాలు. వదులుకోవాకు."

"అక్కా..." అంది సుంకులమ్మ. తర్వాతి మాట నోటి దాకా వచ్చి, మస్తాన్‌బీ పెట్టిన ఉగ్గానితో పాటు లోపలికి పోయింది.

ఆ రాత్రి ఆమెకు ఒక ఉపాయం తోచింది. తన నోరు చెప్పలేనిది బోర్డు చెబుతుంది. మర్నాటి నుంచి పెడల్ నెమ్మదిగా తొక్కింది. దారం తెగిందని ఆగింది, సూది మార్చాలని ఆగింది. కూడలిలో బోర్డు వెలిగితే మస్తాన్‌బీ చూస్తుంది, వస్తుంది, అప్పుడు లేచి కుర్చీ ఇచ్చేయొచ్చు.

బోర్డు వెలిగింది. తెల్లారేసరికి షాపు ముందు ఆడవాళ్ళు బారులు తీరారు. ఓబులేసు మొన్న చూసినట్టే మిషన్ వంక చూశాడు. సుంకులమ్మ గడపలో నిలబడి ఒక్కొక్క మొహమే వెతికింది. యూనిట్‌లో పనిచేసినవాళ్ళు దాదాపు అందరూ ఉన్నారు. మస్తాన్‌బీ లేదు. బోర్డు చూసే ఉంటుంది. సుంకులమ్మ కూర్చున్న కుర్చీ అని తెలిసే రాలేదు.

వాసంతీ, ఈ కథ టైపు చేసేటప్పుడు పేర్లు ఒకసారి సరిచూడమ్మా. సందు మూడోదో నాలుగోదో కూడా.